పొలి దారిలో రోవర్

రాజకుమారికి నిదానంగా కూర్చోవడం రాదు. గిద్దలూరు నుంచి రాచర్ల వైపు పోయే ఆటోలో వెనక సీటంతా ఖాళీగా ఉన్నా అంచు మీదే కూర్చుంటుంది, ఒక కాలు బయటికి పెట్టి, ఊరు రాకముందే దూకేసేలా. బోడిమిట్ట సచివాలయంలో ఆమె కుర్చీ మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి సంచి ఉంటుంది, ఆమె మాత్రం ఉండదు. ఫైలు నిలబడే చదువుతుంది. టీ తిరుగుతూ తాగుతుంది.

"కాళ్ళ కింద నిప్పులు పోసినారా ఏందమ్మా నీకు?" అని ఊరి తలారి పుల్లయ్య అడుగుతుంటాడు.

"అడివిలో ఒక్కచోట కూర్చుంటే చీమలు పట్టేస్తాయి తాతా. అదే అలవాటు," అంటుంది.

ఆమె బోడిమిట్ట గ్రామ సర్వేయరు. సొంతూరు పెద్దదోర్నాల దాటి, శ్రీశైలం రోడ్డు వదిలి లోపలికి నడిస్తే వచ్చే చెంచు గూడెం. అమ్మ నాగేశ్వరమ్మ తేనె, జిగురు, కుంకుడుకాయలు తెచ్చి అమ్మేది, ఇప్పటికీ తెస్తుంది. రాజకుమారి గిరిజన గురుకులంలో చదివి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పరీక్ష రాసి ఉద్యోగం కొట్టింది. గూడెంలో ఆమెకంటే ముందు ప్రభుత్వ ఉద్యోగం వచ్చినవాళ్ళున్నారు. భూమి కొలిచే ఉద్యోగం మాత్రం ఎవరికీ రాలేదు. "సెంటు పొలం లేనోళ్ళకి ఊరి పొలాలన్నీ కొలిచే పనిచ్చినారా!" అని వాళ్ళమ్మ పడీ పడీ నవ్విందట.

ఇప్పుడు సర్వే అంటే గొలుసు లాక్కుంటూ ముళ్ళకంపల్లో తిరగడం కాదు. పైన డ్రోన్ ఎగిరి ఊరంతా ఫొటో తీస్తుంది. కింద మనిషి చేతిలో నిలువెత్తు కర్ర, దాని తల మీద పళ్ళెం లాంటి యంత్రం. దాన్నే రోవర్ అంటారు. అది ఉపగ్రహాలతో మాట్లాడి, మనం నిలబడిన చోటు భూమ్మీద ఎక్కడుందో వేలెడు తేడాలో చెప్పేస్తుంది. చేతిలో పట్టుకునే తెర మీద ముందు 'ఫ్లోట్' అని వస్తుంది. అంటే ఇంకా కుదురుకోలేదు, నమ్మొద్దు అని. 'ఫిక్స్' అని వచ్చాకే బటన్ నొక్కాలి. సిగ్నల్ సరిగ్గా అందని మన మిట్టల్లో ఆ రెండింటి మధ్య ఎంత ఓపికున్న మనిషికైనా పిచ్చెక్కుతుంది. రాజకుమారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

కానీ చాలాకాలం ఆమెకి ఆ పిచ్చెక్కే భాగ్యం కూడా దక్కలేదు. ఆడవాళ్ళు, గిరిజనులు సర్వేలోకి రావాలని ఈ మధ్య గట్టిగానే చెబుతున్నారు. శిక్షణలు పెడుతున్నారు, డ్రోన్ నడపడం కూడా నేర్పిస్తున్నారు. మంచిదే. అయితే మార్కాపురంలో ఏ మీటింగ్ జరిగినా రాజకుమారికి కబురొచ్చేది. స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, చేతిలో రోవర్ పెట్టి ఫొటో తీసేవాళ్ళు. ఫొటో అయిపోగానే ఎవరో ఒకరు, "ఇటియ్యమ్మా, బరువు," అని తీసేసుకునేవాళ్ళు. ఊళ్ళో కొలతలకి మగ సర్వేయర్లు పోయేవాళ్ళు, ఆమె దరఖాస్తులు ఎక్కించేది. శాలువాలు మాత్రం బాగానే పోగయ్యాయి. గూడెంలో పసిపిల్లలందరికీ అవే ఉయ్యాలలు.

ఒకసారి బయటి నుంచి వచ్చిన పెద్ద అధికారి గోడ మీద ఆమె ఫొటో చూసి ముచ్చటపడి, "ఇందులో నువ్వు కొలుస్తున్నది ఏ హద్దమ్మా?" అని అడిగాడు.

"ఏ హద్దూ కాదు సార్. అది ఆఫీసు వెనక పార్కింగు."

గదిలో ఎవరూ నవ్వలేదు. అధికారి మాత్రం మండల సర్వేయరు ధనుంజయ వైపు చాలాసేపు చూశాడు. మర్నాడే ధనుంజయ రోవర్ పెట్టె తెచ్చి ఆమె టేబుల్ మీద దబ్బున పెట్టాడు.

"పార్కింగు అని అందరి ముందర చెప్పాల్నా నువ్వు? సరే, పట్టుకో. బోడిమిట్ట పొలిమేర అంతా నీదే. చక్కంగా చేస్తే మార్కాపురంలో కొత్తగా వేసే ఆడోళ్ళ రోవర్ టీములో నీ పేరు రాస్తా. ఊరూరూ తిరగొచ్చు. తేడా వస్తే మల్లా దరఖాస్తులే."

ఊరూరూ తిరగొచ్చు! ఆమెకి అంతకంటే ఏం కావాలి? మర్నాడు తెల్లారకముందే బోడిమిట్టలో దిగింది.

పొలిమేర చాలావరకు సాఫీగానే వచ్చింది. పాత సర్వే రాళ్ళు దొరికాయి. చిక్కల్లా ఉత్తరం వైపు, గంగన్నపాలెంతో కలిసేచోట. అక్కడి ఊరి పటాలు, అదే నక్షాలు, ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నప్పటివి. రెండూళ్ళవీ ఎవరో ఒకే చుట్టలో చుట్టిపెట్టారు. చెదపురుగు ఆ చుట్టని ఒక పక్కనుంచి తింటూపోయి, రెండూళ్ళు కలిసే ముక్కనే మింగేసింది. నేల మీద చూస్తే తూర్పు చివర ఒక రాయి ఉంది, పడమటి చివర ఒక రాయి ఉంది. మధ్యలో కంప, బండ, ఒక నీటికుంట.

"రాళ్ళతో పనేముంది బిడ్డా? పొలి దారి ఉండాది కదా," అన్నాడు పుల్లయ్య.

బోడిమిట్టలో జాతర జరిగినప్పుడల్లా బలి నెత్తురు కలిపిన అన్నాన్ని గంపలో పెట్టుకుని, ఊరి పొలిమేర వెంట ఒక మనిషి పరుగెత్తుతూ చల్లుకుంటూ పోతాడు. దాన్నే పొలి అంటారు. పొలి చుట్టినంతమేరా ఊరు, ఆ లోపలికి రోగం అడుగు పెట్టదని నమ్మకం. పొరుగూరివాళ్ళు ఆ గంప లాక్కుంటే ఊరి పంటంతా వాళ్ళకి పోతుందట. అందుకని వెంట కర్రలతో మనుషులు పరుగెత్తుతారు. గంప ఎత్తేది పుల్లయ్యే.

రాజకుమారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆమె పెరిగిన చోట హద్దంటే నడకే. ఏ కుటుంబం ఏ వాగు దాకా తేనె తీయొచ్చో, ఏ గుట్ట దాకా గడ్డలు తవ్వొచ్చో కాగితం మీద ఎక్కడా లేదు. తాతలు నడిచారు, మనుమలు నడుస్తున్నారు, అంతే. నడిచిన దారి అబద్ధం చెప్పదని ఆమెకి ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన అవసరమే రాలేదు. రెండూళ్ళ పెద్దలనీ పిలిచింది. గంగన్నపాలెం నుంచి ఇద్దరే వచ్చారు. "పొలి తొక్కే దోవే పొలిమేర, మాకు తెల్వదా?" అని వాళ్ళూ తలూపారు. పుల్లయ్య ముందు నడిచాడు, వెనక ఆమె కర్ర నాటుకుంటూ పోయింది. కుంటలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. దారి ఆ నీటి అంచు వెంబడే అవతలి నుంచి చుట్టు తిరిగింది. ప్రతిచోటా ఫిక్స్ వచ్చాకే బటన్ నొక్కింది.

మండలంలో అంత శుభ్రంగా వచ్చిన పొలిమేర ఇంకొకటి లేదని ధనుంజయ స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. మార్కాపురం టీములో ఆమె పేరు ఖాయమైంది. ఎండలు ముదిరి కుంట అడుగంటే నాటికి, ఇక నాలుగు రోజుల్లో అక్కడ చేరాలి అన్నప్పుడు, గురవమ్మ వచ్చింది.

గంగన్నపాలెం ఆవిడ, మేకలు కాస్తుంది. కుంటకి అవతల ఒడ్డున చిన్న కంది చేనుంది. కొలతల రోజుల్లో కనిగిరిలో కూతురి కాన్పుకి పోయి ఉండింది. సచివాలయం మెట్ల మీద నిలబడి, చేతికర్రతో నేల పొడుస్తూ అడిగింది.

"సర్వేరమ్మవు నువ్వేనా? నా చేను ఏ ఊళ్ళో ఉండాది?"

రాజకుమారి తెర మీద చూసింది. "బోడిమిట్టలో వచ్చింది పెద్దమ్మా."

"నా పట్టా గంగన్నపాలెందే. మా ఊరోళ్ళేమో నీ చేను ఇక్కడ లేదు పో అంటుండారు. ఈడకొస్తే నా పేరు లేదంట. మరి నా చేను ఆకాశంలో ఉండాదా?"

"పొలి దారి మీ చేన్లోంచే పోతాది పెద్దమ్మా. అదే పొలిమేర అని మీ ఊరోళ్ళు కూడా..."

"జాతరకోసారి వీళ్ళు నా కందిని తొక్కుకుంటా పరిగెత్తితే చేను వీళ్ళదై పోతాదా? రేపు నేను మేకల్ని తోలుకోని మీ ఇంట్లోంచి పోతా. మీ ఇల్లు నాదైతాదా?"

బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు గొల్లున నవ్వారు. రాజకుమారికి నవ్వు రాలేదు. 'చూస్తాను' అంది గానీ ఏం చూడాలో తెలియలేదు. రెండు గదుల మధ్య తిరిగింది. సంతకం పెట్టాల్సిన కాగితం మీద సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు ఆటోలో కూడా ఆమె తలలో ఆ చేనే. డ్రోన్ ఫొటో తెర మీద పెట్టి, వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసింది. ఆకాశంలోంచి చూస్తే పొలి దారి సన్నటి తెల్లటి గీత. తూర్పు రాయి నుంచి దారపుపోగులా నిటారుగా వచ్చింది. కుంట దగ్గర మాత్రం ఒక్కసారిగా వంగి, నీటి అంచుని ఒరుసుకుంటూ పోయి, కుంట అయిపోగానే మళ్ళీ నిటారుగా పడమటి రాయికి. వంపంతా గంగన్నపాలెం వైపే.

ఆమె పుల్లయ్యకి ఫోన్ కలిపింది.

"తాతా, పొలి గంపతో కుంటని చుట్టుకోని ఎందుకు పోతావు? జాతర ఎండాకాలంలో కదా, కుంట ఎండిపోయుంటాది. అడ్డంబడి పోవచ్చు కదా?"

"అట్లెట్ల పోతాము బిడ్డా? పొలి నీళ్ళు తొక్కకూడదు. ఎండినా అది నీళ్ళ జాగానే. తొక్కితే మల్లా అందులోకి నీళ్ళు రావంట."

"కుంట ఎప్పుడు తవ్వినారు?"

"అది కరువు పనుల్లో కట్టినారు. నేను గంప ఎత్తేనాటికే ఉండాది."

కరువు పనుల్లో కట్టిన కుంట. పొలిమేర దానికంటే ఎంత పాతది! అంతకుముందున్న గీత, అప్పటికి పుట్టని కుంటని చూసి ఎలా వంగుతుంది? ఆటో ఇంకా నడుస్తూనే ఉంది. "ఆపన్నా, ఆపు," అని దిగేసింది. దిగి ఎటు పోవాలో తెలియక రోడ్డు పక్కన అటూ ఇటూ నడిచింది. గీత నిటారుగానే ఉండాలి. కుంట కడుపులోంచి పోవాలి. ఆమె పంపిన గీత, మండలంలోకెల్లా శుభ్రమైన గీత, వేలెడు తేడా లేకుండా తప్పు.

ముందు ఫణికృష్ణకి చెప్పింది. అతను గంగన్నపాలెం సర్వేయరు, గిద్దలూరులో కిరాణా వ్యాపారం చేసే కోమట్ల ఇంటి అబ్బాయి, బీటెక్. అతని ఊరి కొలతలు ఇంకా మొదలుకాలేదు. కలిసేచోట ఆమె గీతనే తన గీతగా తీసుకోవాలి.

"ఇప్పుడు చెప్తావా ఈ మాట? మూడు రోజుల్లో పోతావుండి?" అన్నాడు ఫణికృష్ణ. "నా మాట వినవే. ఎవరికీ తెల్వదు. నక్షా చెదలు తిన్నాయి, నేను నీ గీతనే ఎక్కిస్తా. గురవమ్మకి బోడిమిట్టలో ఒక సర్వే నంబరు ఇప్పిద్దాము. ఆమెకి కావల్సింది చేనే కదా, ఏ ఊరైతే ఏంది?"

అది అంత చెడ్డ మాట కూడా కాదు. అదే ఆమెని ఎక్కువ కుదిపింది. గురవమ్మ ఒక్కతే అయితే సరిపోయేది. కానీ వంపు లోపల గంగన్నపాలెం పశువుల బీడుంది, కుంట నీళ్ళలో ఆ ఊరి సగం వాటా ఉంది. రేపు ఆ ఊరివాళ్ళు తమ బీడులోకి తోలుకున్న పశువుల్ని బోడిమిట్టవాళ్ళు బందెలదొడ్లో కట్టేస్తారు. కాగితం తీసి చూస్తే బోడిమిట్టదే న్యాయం అవుతుంది, ఆమె వేలితో నొక్కిన బటన్ వల్ల.

ధనుంజయ ఆమె మాటలన్నీ విని, కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"చూడమ్మా. ఈ సర్వీసులో నేను చేసిన తప్పులు నాకే గుర్తులేవు. మగోడు తప్పు చేస్తే వాడొక్కడిదే. నువ్వు చేస్తే, చూసినారా, ఆడోళ్ళకీ చెంచోళ్ళకీ ఇస్తే ఇట్లనే ఉంటాదని స్కీమునే మూసేస్తారు. నీ వెనకాల వచ్చే పిల్లల సంగతి ఏంది?"

"తప్పు నేను చెప్పకుంటే ఒప్పైతాదా సార్?"

"తప్పని రుజువేముండాది నీ కాడ? ఒక ఫొటో, ఒక ముసలోడి మాట. పై ఆఫీసుకి ఏమని రాసేది నేను?"

ఆమె ఒక్కసారి కిటికీ దాకా పోయి వచ్చింది. "తూర్పు రాయికీ పడమటి రాయికీ మధ్య అంత దూరం రాయి లేకుండా వదలరు సార్ పాతకాలం వాళ్ళు. నడిమధ్య ఒకటన్నా వేసుంటారు. అది కుంటలోనే ఉంటాది, ఒండు మట్టి కింద. కుంట ఎండింది. తవ్విస్తాను."

"లేకపోతే?"

"లేకపోతే రోవరు మీరే తీసుకోండి."

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. కూతురి గొంతు వినగానే, "ఏందే, పరిగెత్తతా మాట్లాడతాండావా?" అంది.

"లేదమ్మా, నిలబడే ఉన్నా." తర్వాత అడిగింది. "మన తేనె హద్దు నడిచేటప్పుడు, యాడన్నా దోవ మార్చినారా మనోళ్ళు?"

"ఎందుకు మార్చలేదు? పులి తిరిగే ఏడు పై గుట్ట మీద నుంచి పోతాము. మల్లా పాత దోవకే వస్తాము. దోవ మారిస్తే హద్దు మారతాదా పిచ్చిదానా?"

చిన్నప్పుడు ఆ పై గుట్ట దారి రాజకుమారి కూడా నడిచింది.

మూడో రోజు పొద్దున కుంట ఒడ్డున రెండూళ్ళూ ఉన్నాయి. బోడిమిట్ట వాళ్ళు తూము పక్కన, గంగన్నపాలెం వాళ్ళు గురవమ్మ చేను పక్కన. మొన్నటిదాకా ఆమెకి మజ్జిగ ఇచ్చిన బోడిమిట్ట ఆడవాళ్ళు ఈరోజు ముఖం తిప్పుకున్నారు.

"మన ఊరి సర్వేరు పక్క ఊరికి వకాలతు పుచ్చుకున్యాదిరా," అన్నాడొకాయన అందరికీ వినపడేలా.

"కుంటలో చేపలన్నీ పట్టి వాళ్ళకే ఇచ్చేయమనండి, మనకి ముళ్ళు చాలు," అన్నాడు ఇంకొకాయన.

ఎండిన కుంట అడుగు పలకల్లా పగిలి ఉంది. రాజకుమారి తూర్పు రాయికీ పడమటి రాయికీ మధ్య గీతని తెర మీద పెట్టుకుని, నడిమధ్యకి నడిచింది. ఫ్లోట్. కాసేపు చూసింది. ఫ్లోట్. ఒడ్డు మీద మనుషులు, ధనుంజయ చేతిలో గడియారం, నుదుటి మీద ఎండ. "ఈడే," అంది కర్ర నాటి. "తవ్వండి."

ఇద్దరు కూలీలు, పుల్లయ్య. నల్లటి ఒండు పారకి అంటుకుపోతోంది. మోకాలు లోతు పోయారు. తొడ లోతు పోయారు. ఒక్క గులకరాయి లేదు.

"బోరు వేస్తాండారా అమ్మా?" అని ఒడ్డు మీద నుంచి కేక. నవ్వులు. ఫణికృష్ణ నవ్వలేదు, నేల చూస్తున్నాడు. ధనుంజయ రోవర్ పెట్టె మూత తీసి పక్కన పెట్టాడు, సర్దడానికి.

ఆమె గుంత చుట్టూ తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ ఆగింది. తొందరపడి ఫ్లోట్‌లోనే చోటు చూపించిందని అప్పుడు తట్టింది. పొలి దారి మీద ప్రతిచోటా ఫిక్స్ కోసం ఆగిన మనిషి, అసలైన చోట ఆగలేదు.

"తాతా, పార ఆపు."

కర్ర మళ్ళీ నిలబెట్టింది. కర్ర నిటారుగా ఉందో లేదో చెప్పే నీటిబుడగ మధ్యకి వచ్చేదాకా సరిచేసింది. ఇక కదల్లేదు. ఈగలు వాలాయి. "నిద్రపోయిందిరా," అని ఎవరో అన్నారు. ఆమెకి అరికాళ్ళు జివ్వుమంటున్నాయి, పిక్కలు లాగుతున్నాయి. తెర మీద అక్షరాలు మారాక కూడా ఇంకాసేపు చూసి, కర్ర ఎత్తి పడమటి వైపు నడిచింది. నాలుగు బారలు. అక్కడ మడమతో గీత గీసింది.

ఈసారి పార రెండో పొరకే ఖంగుమంది.

పుల్లయ్య చేతులతో ఒండు తీశాడు. చెక్కిన రాయి. తల మీద పాత సర్వే వాళ్ళు చెక్కిన బాణం గుర్తు. రెండొడ్ల మీదా అందరూ ఒక్కసారిగా కుంటలోకి దిగారు. గురవమ్మ అందర్నీ మోచేతులతో నెట్టుకుంటూ వచ్చి, గుంతలోకి వంగి చూసి, "ఈ రాయి ఇటు పక్కన నా చేనేనా?" అని అడిగింది.

"నీ చేనే పెద్దమ్మా. గంగన్నపాలెమే."

"అదేదో మొదలే చూడరాదా? పొలి ఎనకాల నువ్వు పరిగెత్తడమేంది, నన్ను తిప్పడమేంది!" అని తిట్టి, మేకలు గుర్తొచ్చి వెళ్ళిపోయింది. బోడిమిట్ట వాళ్ళు ఒక్కొక్కరే కట్ట ఎక్కి వెళ్ళిపోయారు. తిట్టుంటేనే బాగుండేదనిపించింది రాజకుమారికి.

ధనుంజయ దూరంగా పోయి మార్కాపురానికి ఫోన్ చేశాడు. ఎక్కువసేపు వినడమే, మాట్లాడింది తక్కువ. తిరిగొచ్చి ఆమె ముఖంలోకి చూడకుండా చెప్పాడు.

"పంపిన పొలిమేర వెనక్కి వచ్చింది కాబట్టి ఈసారి టీములో నీ పేరు తీసేసినారు. ఎల్లుండి వేరే అమ్మాయి చేరతాది."

ఆమె గుంతలోకి చూసింది. "రోవరు?"

"నీ కాడనే. తప్పు గీత నువ్వే గీసినావు, నువ్వే చెరిపి మల్లా గీయమన్నారు. అంతా ఒప్పుకుంటే అప్పుడు ఆలోచిస్తారంట." తెరిచిన పెట్టె మూత తనే మూసేశాడు. "నేనైతే రాస్తాను. రాయి దొరికిన సంగతీ రాస్తాను, నువ్వే తప్పు పట్టినావనీ రాస్తాను. ఆ పై వాళ్ళిష్టం."

"వేరే అమ్మాయి అంటే ఎవరు సార్?"

"యర్రగొండపాలెం పక్క పిల్ల. ఎందుకు?"

"ఆమె నంబరియ్యండి. దారి చూపిస్తామనే వాళ్ళని, ఆ దారి యాడ వంగుతాదో, ఎందుకు వంగుతాదో అడగమని చెప్తాను."

ధనుంజయ ఫోన్లో నంబరు వెతుకుతుంటే ఆమె అప్పటికే కర్ర భుజాన వేసుకుంది. కుంట పడమటి గట్టు దాకా ఇంకా సగం గీత ఉంది. వెనక పుల్లయ్య ఒండు చేతులు దులుపుకుంటూ, ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు.

"అంతా బాగుండాది గానీ, పొలిమేర కుంట మధ్యలో పోయె. వచ్చే జాతరకి గంప ఎట్ల తీసుకుపోవాల నేను? నీళ్ళు తొక్కల్నా, వద్దా?"

"నీ దోవన నువ్వు పో తాతా, ఎవరొద్దన్నారు?" అంది రాజకుమారి నడుస్తూనే. "గురవమ్మ కందిని తొక్కేముందర ఆమెని ఒక్క మాట అడుగు."

"ఆమెనా? నా గంప లాక్కుంటాది!"

"లాక్కోనీ. రా, పార తీసుకోని రా. ఇంకో రాయి ఉంటాది అటు పక్క."